నలభై బారల తాడు

నా పన్నెండో ఏట నేను కుదిర్చినంత లాభసాటి బేరం మా బజారులో అంతకుముందు ఎవరూ కుదర్చలేదు. కొబ్బరి ఎండబోసుకోడానికి అద్దెకిచ్చే రెండు కళ్ళాలు చూశాను. రెండింటి చుట్టూ ఒకే తాడు పట్టి కొలిచాను. జానెడు తేడా లేకుండా రెండింటికీ అదే తాడు సరిపోయింది. ఒకదానికి రోజుకు పది రూపాయలన్నారు, రెండోదానికి ఎనిమిది. ఆ ఎనిమిదిని ఏడు చేసి, ఖాయం చేసుకుని, దారిలో నాకు నేనే ఒక బెల్లంముక్క బహుమానం ఇచ్చుకుని ఇంటికొచ్చాను. అంత తెలివి ఆ వయసులో ఎవరికైనా ఉంటుందా? ఉండకూడదని నా అనుభవం.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా వరండాకి టైల్స్ వేయిద్దామని అమలాపురంలో కొట్టుకి వెళ్ళాను. కొలతలు తీసుకోడానికి ఒక కుర్రాణ్ణి ఇంటికి పంపారు. మా వరండా మోచేతి దగ్గర మడిచిన చెయ్యిలాగ పడగ్గదిని రెండు వైపులా పట్టుకుని ఉంటుంది. కుర్రాడు ఈ చివర్నుంచి ఆ చివరికి పొడుగు, మళ్ళీ ఈ చివర్నుంచి ఆ చివరికి వెడల్పు కొలిచి, ఫోనులో గుణించి ఒక అంకె చెప్పేశాడు.

"నాయనా, ఈ లెక్కలో నా పడగ్గదికి కూడా టైల్స్ వేసేశావు. అందులో నా మంచం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోను?" అన్నాను.

వాడు వరండా వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. మళ్ళీ వంగి, రెండు ముక్కలుగా కొలుచుకుని, రెండూ కూడి, తల గోక్కున్నాడు.

"మీరు లెక్కల టీచరాండీ, మామ్మగారూ?"

"లెక్క తప్పి నేర్చుకున్నదాన్ని" అన్నాను. అంతకుమించి వాడికి చెప్పలేదు. చెబితే టైల్స్ బేరంలో నా పరువు తగ్గిపోయేది.

మా ఇంట్లో రెండు వ్యాపారాలుండేవి. వీధివైపు నాయనమ్మ తాళ్ళ కొట్టు, పెరటివైపు నాన్న కొబ్బరి. వీధి గుమ్మంలో అడుగుపెడితే కొత్త నారతాడు వాసన, పొడిగా, ముక్కులో దురద పుట్టేలా. నడవా దాటి పెరట్లోకి వెళితే పగలగొట్టిన కాయల నీళ్ళు మట్టిలో ఇంకి పులిసిన వాసన. బడికి వెళితే నా పక్కన కూర్చున్న పిల్ల నన్ను వాసన చూసి మా ఇంట్లో ఆరోజు ఏ వ్యాపారం నడుస్తోందో చెప్పేసేది.

తాళ్ళ కొట్టులో కొలబద్ద లేదు. రెండు చేతులూ చాపితే ఈ వేళ్ళ కొసనుంచి ఆ వేళ్ళ కొసకి ఒక బార. నాయనమ్మకి భుజాలు పట్టేసిన దగ్గర్నుంచి కొట్టులో నడిచేది నా బారే. నచ్చిన మనిషి వస్తే రొమ్ము విరుచుకుని కొలిచేదాన్ని. విసుక్కునే మనిషి వస్తే మోచేతులు కాస్త మడత పెట్టేదాన్ని. నాయనమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. సాయంత్రం గల్లా మూసేటప్పుడు మాత్రం, "ఇవాళ ఆ మునసబుగారింటి పాలేరుకి బార పొట్టిగా వచ్చిందేమే?" అని అడిగేది. "భోజనానికి ముందు కొలిచేను నాయనమ్మా" అనేదాన్ని. నా బేరాలకు, నా అబద్ధాలకు ఆ గల్లాపెట్టె దగ్గరే అక్షరాభ్యాసమైంది.

నాన్న ఏటా వేసవిలో తోటల్లో కాయ కొని, కొట్టించి, ఎండబెట్టి, అంబాజీపేటలో లారీలకెక్కించేవారు. ఆ ఏడాది తొమ్మిది వేల ఆరువందల కాయ మా పెరట్లో గుట్ట పడింది. చేతిలో ఉన్నదంతా అందులోనే పెట్టారు. అమ్మ పురిటికని పుట్టింట్లో ఉంది. పుట్టబోయేవాడి ఖర్చు, వానాకాలం బియ్యం, నా పై క్లాసు పుస్తకాలు అన్నీ ఆ గుట్టలోంచే రావాలి. ఇంతలో అంతకుముందు పంపిన సరుకు గురించి ఏదో పేచీ వచ్చి నాన్న లారీతోపాటు పై రాష్ట్రం వెళ్ళాల్సి వచ్చింది. ఎనిమిదో రోజుకి తిరిగొస్తారు. తొమ్మిదో రోజున మా సరుకెక్కే లారీ. ఆ రోజు దాటితే లారీలో మా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"అమ్మా, పాత కళ్ళం ఆసామితో ఓ మాట అన్నాను. నువ్వెళ్ళి ఖాయం చేసెయ్. మర్నాడే కాయ కొట్టించెయ్" అని నాయనమ్మకి చెప్పి నాన్న బయల్దేరారు. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. నన్ను పంపింది.

పాత కళ్ళం చక్కగా పలకలాగ ఉండేది. పొడుగు పన్నెండు బారలు, వెడల్పు ఎనిమిది. ఆసామి రోజుకు పది అన్నాడు. ఒక్క అర్ధరూపాయి కూడా దిగలేదు. దిగని మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. "ఆలోచించుకుని వస్తామండీ" అని, తాడు చుట్టు భుజాన వేసుకుని, కాలవగట్టు మీద ఇంటిదారి పట్టాను.

గట్టు మీదే మా బడిలో లెక్కలు చెప్పే టీచరుగారి స్థలం. ఆవిడ తాతగారు ఆ చుట్టుపక్కల తోటల్లోనే కూలి చేశారట. ఆ స్థలం ఆవిడ తన జీతంతో కొనుక్కున్నది. కొన్న ఏడాదే రోడ్డువైపు మూల ప్రార్థన మందిరానికి రాసిచ్చేశారు. మందిరం పోను మిగిలిన నేలంతా సున్నం, ఇటుకపొడి వేసి, దిమ్మిసాతో గట్టిగా కొట్టించి కళ్ళం చేయించారు. నేను వెళ్ళేసరికి ఆవిడే చీపురు పట్టుకుని ఊడుస్తున్నారు.

"కొబ్బరికి ఎంతకిస్తారండీ, టీచరుగారూ?"

"రోజుకి ఎనిమిదమ్మా."

బేరం మొదలవకముందే రెండు రూపాయలు దిగిన మనిషిని చూస్తే మా ఇంట్లో వాళ్ళకి జాలీ ఆకలీ ఒకేసారి కలుగుతాయి. "కొలుచుకోవచ్చాండీ?" అన్నాను. "ఆయ్, కొలుచుకో" అన్నారు. తాడు చుట్టూ పట్టాను. మందిరం గోడ వచ్చిన చోట లోపలికి మళ్ళి, గోడవెంటే తిరిగి, మళ్ళీ బయటికొచ్చి, మొదలుపెట్టిన రాయి దగ్గరికి వచ్చాను. తాడు కొస రాయిని తాకింది. నలభై బారలు. పాత కళ్ళమూ నలభై బారలే! లోపల్లోపల గంతులేశాను. మొహం మాత్రం మా నాయనమ్మ మొహంలాగ బిగించి, "ఆరు చేసుకోండి" అన్నాను.

"ఏడు" అన్నారు ఆవిడ చీపురు ఆపకుండా. "అయితే ఎందుకు తక్కువో అడగవేం? దీనికి ఓ మూల లేదు. లెక్క కట్టుకున్నావా?"

"కట్టేనండి, ఆయ్. తాడు పట్టి చూసేను. ఆ కళ్ళం నలభై, మీదీ నలభై."

ఆవిడ చీపురు ఆపారు. "తాడు పట్టి చూసేవా? అమ్మాయ్, తాడుతో..."

మాట మార్చి రేటు పెంచడానికే గొంతు సవరించుకుంటున్నారనుకున్నాను. మా బజారులో గొంతు సవరించుకుంటే అర్థం అదే. నాయనమ్మ ఇచ్చిన బయానా ఆవిడ చేతిలో పెట్టి, "ఏడుకి ఖాయమండీ, రేపు పొద్దున్నే బండ్లొస్తాయి" అని ఒకటే పరుగు. వెనకాల ఆవిడ "అమ్మాయ్! అమ్మాయ్!" అని పిలుస్తూనే ఉన్నారు. నేను వినిపించుకుంటానా?

మర్నాడు తెల్లవారకముందే పెరట్లో కత్తుల చప్పుడు. నాయనమ్మ పనివాళ్ళందరికీ పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు ఉడికించింది. పనసాకు వాసన అంటిన ఆ వేడి పిండి ముద్దని కొబ్బరి పచ్చడిలో ముంచుకుని తింటూ, కాయ కొట్టేవాళ్ళ పక్కన చేరాను. పాత కాయ పగిలితే కొన్నిటిలో మెత్తటి తెల్లటి పువ్వు ఉంటుంది. అది నా హక్కు. కొట్టేవాళ్ళు పువ్వు కనబడగానే నావైపు విసిరేవారు. ఒక్క దెబ్బకి రెండు చెక్కలు, నీళ్ళు చివ్వున చిమ్మేవి. పొద్దెక్కేసరికి గుట్ట గుట్టంతా చెక్కలైపోయింది.

కళ్ళం మీద చెక్కలు పరిచే ఆడవాళ్ళకి పెద్ద ఒకావిడ ఉండేది. నాకు ఊహ తెలియకముందు నుంచి మా దగ్గరే పని. చుట్టరికం లేదుగానీ నేను అత్తా అనేదాన్ని. ఆవిడ నన్ను బుల్లెమ్మా అనేది. ఆరోజు అందరికంటే ముందు నెత్తిమీద బుట్టతో కళ్ళానికి వచ్చింది.

"బుల్లెమ్మా, మా నాలుగు చెట్ల కాయ పోగేసి రెండు వందలు కొట్టుకొచ్చేను. మీదాంతోపాటు ఎండబోసుకుంటాను. వానలొచ్చేలోగా ఇంటిమీద తాటాకు మార్పించుకోవాలి. మామ్మగారు సరే అన్నారు."

"ఎక్కడైనా పోసుకో అత్తా, బోలెడు కళ్ళం" అన్నాను, ఆ భూమంతా నాదైనట్టు.

ఆవిడ ఎవరికీ అడ్డం లేకుండా మందిరం వెనకాల దూరపు మూలకి వెళ్ళి, తన చెక్కలు పరుచుకుని, చుట్టూ గుర్తుకి ఓ తాడుముక్క వేసుకుంది. ఆ తర్వాత మా బండ్లు రావడం మొదలెట్టాయి. ఒక్కో బారెడు చదరంలో వంద కాయల చెక్కలు పడతాయని పరిచేవాళ్ళ లెక్క. నోళ్ళు పైకి పెట్టి, ఒకదాన్నొకటి ఆనుకుని, తెల్లటి గిన్నెల బారులు. మధ్యాహ్నం ఎండలో ఆ తెలుపు చూడలేక కళ్ళు చికిలించుకుంటుంటే అత్త వచ్చింది.

"బుల్లెమ్మా, కళ్ళం అయిపోయింది."

"అయిపోవడమేంటి?"

"నిండిపోయింది. ఆ బండి దించలేదు, ఇంకోటి దారిలో ఉంది. రెండు వేల కాయ ఉంటుంది."

"నలభై బారలు అత్తా! పాత కళ్ళంలో ఏటా పట్టడంలా?"

"నలభయ్యో, యాభయ్యో. నేల అయిపోయింది తల్లీ, నన్నేం చెయ్యమంటావ్?"

వాళ్ళు ఎడంగా పరిచారేమోనని వంగి నాలుగు వరసలు దగ్గరికి నెట్టాను. బెత్తెడు చోటు మిగిలింది. పగలని కాయ ఎన్నాళ్ళైనా ఆగుతుంది. పగిలిన కాయ ఆగదు. ఆ ఎండలో బండిలో కుప్పగా ఉంటే సాయంత్రానికి జిగురు పడుతుంది. ఇంటికెళ్ళి చెబితే నాయనమ్మ చేసే మొదటి పని బజారంతా వినేలా అడగడం: ఏడు రూపాయల కళ్ళం ఎవరు చూశారే? అప్పటికే ఆవిడ పొద్దున్న కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ నా బేరం గురించి చెప్పుకుని మురిసింది.

రోడ్డుమీంచి చూస్తే మందిరం వెనకాల మూల కనపడదు. అదీ నాకు తట్టింది.

"ఆ వెనకాల రెండు వరసలు వేసెయ్యండి" అన్నాను.

అత్త కదల్లేదు. "కాయ మీద కాయ వేస్తే కిందది కుళ్ళిపోద్ది. నీకు తెలీదా?"

"ఒక్క రోజే అత్తా. రేపు సర్దిద్దాం."

"కింద నాదుంది బుల్లెమ్మా."

"రేపు మొట్టమొదట నీదే తీయిస్తాను. నా మీద ఒట్టు. నాయనమ్మకి మాత్రం చెప్పొద్దు."

ఆవిడ నా మొహంలోకి చూసి, కొంగు నడుముకి బిగించి, బుట్ట ఎత్తింది.

రేపు అన్నది వచ్చింది గానీ చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉన్న నేలే ఉంది. పొద్దున్నంతా కళ్ళం చుట్టూ తాడు పట్టుకుని తిరిగాను. ఎన్నిసార్లు పట్టినా నలభయ్యే. తాడు తప్పు చెప్పదని నాకు నమ్మకం, నేల తప్పు చెప్పదని కళ్ళకి కనబడుతోంది. నాయనమ్మ రిక్షాలో వచ్చి రోడ్డుమీంచే చూసి, "బాగా పరిచేరు" అని వెళ్ళిపోయింది. అత్త నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ "ఇదిగో, ఇప్పుడే" అన్నాను. సాయంత్రానికి గాలి స్తంభించి ఉక్కపోత మొదలైంది. ఈశాన్యంలో మబ్బు కూడింది.

మూడోనాడు పొద్దున్న నాయనమ్మ రిక్షా దిగింది. ముక్కుపొడుం పీల్చే ఆ ముక్కుకి అంత వాసన ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దిగుతూనే ఆగి, గాలి పీల్చి, కర్ర తాటించుకుంటూ తిన్నగా మందిరం వెనక్కి నడిచింది. వంగి పై చెక్క తీసింది. కింది చెక్క తీసింది. దానిలో వేలు పెట్టి చూపించింది. వేలికి దారంలాగ జిగురు సాగింది. లోపల కొబ్బరి గులాబీ రంగుకి తిరిగింది.

"ఎవరు వేసేరిది?"

నాయనమ్మ అత్త వైపు తిరిగింది.

"ఏమ్మా, పదకొండేళ్ళ నుంచి పరుస్తున్నావు. కాయ మీద కాయ వెయ్యకూడదని నీకు నేను నేర్పాలా?"

అత్త నావైపు చూసింది. ఆ చూపు ఎంతసేపుందో చెప్పలేను. నేను నా చేతిలో ఉన్న తాడు కొసను విప్పి, పీచుపీచుగా చేస్తున్నాను. అందులో ఏదో గొప్ప పని ఉన్నట్టు తల ఎత్తలేదు.

"పొరపాటైందండీ, మామ్మగారూ" అంది అత్త.

"పొరపాటా? ఇంటిల్లిపాది తిండి ఇది! నీ చెయ్యి ఇంక నా కాయ మీద పడకూడదు."

అత్త కింది వరసలోంచి తన చెక్కలు ఏరుకోడానికి వంగింది. కొన్ని పట్టుకుని చూసి, అక్కడే వదిలేసింది. ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది.

మందిరం మెట్ల మీద టీచరుగారు నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి ఉన్నారో. నాయనమ్మ మిగతా ఆడవాళ్ళని పోగేసుకుని చెక్కలు విడదీయిస్తుంటే, ఆవిడ నన్ను పక్కకి పిలిచారు.

"ఆ తాడు ఇటియ్యి."

నేల మీద ఈనెపుల్లతో కళ్ళం గీశారు. మందిరం ఉన్న మూల కోత పెట్టారు.

"పొడుగెంత?"

"పన్నెండండీ."

"వెడల్పు?"

"ఎనిమిది."

"మందిరం?"

"ఇటు అయిదు, అటు నాలుగు."

"ఇప్పుడు దీన్ని రెండు పలకలు చెయ్యి" అని మందిరం వెనక గోడ తిన్నగా ఒక గీత లాగారు. "వెనకాలది పన్నెండు నాలుగులు. ఎంత?"

"నలభై ఎనిమిది."

"ముందు మిగిలింది ఏడు నాలుగులు."

"ఇరవై ఎనిమిది."

"రెండూ కలుపు."

"డెబ్బై ఆరు."

"పాత కళ్ళం?"

పన్నెండు ఎనిమిదులు. తొంభై ఆరు. ఇరవై చదరాలు. చదరానికి వంద కాయ. రెండు వేలు.

"మరి తాడు సమానంగా వచ్చిందేంటండీ?" అని ఏడుపు గొంతుతో పోట్లాటకి దిగాను. "నేను పట్టేను. నా చేతులతో పట్టేను!"

ఆవిడ తాడు తీసుకుని గోడ మలుపు దగ్గర రాయి కింద నొక్కారు. "నువ్వు మందిరం గోడవెంట లోపలికి నాలుగు నడిచేవు, పక్కకి అయిదు నడిచేవు. అదే తాడుని బయటినుంచి రోడ్డువైపు తిప్పు. అటూ అయిదు, నాలుగే కదా? మందిరం లోపలున్నా, బయటున్నా తాడుకి ఒకటే. తాడు అంచు చెప్తుంది. కాయ అంచు మీద ఎండదు కదమ్మా, నేల మీద ఎండుతుంది."

తాడు బయటికి తిప్పి చూశాను. కొస రాయిని తాకింది. నా కళ్ళముందే అదే తాడు మందిరాన్ని మెట్లతో సహా చుట్టేసుకుంది.

"ఆ రోజు చెప్దామనే పిలిచేను. నువ్వు పరిగెత్తేవు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "లెక్క నేను చెప్పగలను. మిగతాది నువ్వే చెప్పుకోవాలి మీ నాయనమ్మగారితో" అన్నారు. అంటే మెట్ల మీంచి అంతా చూశారన్నమాట.

నాయనమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. తాడు సంగతి, డెబ్బై ఆరు, తొంభై ఆరు, అన్నీ. ఆవిడ చాలాసేపు నేలమీద గీసిన బొమ్మ చూసింది. ఆవిడా జీవితమంతా తాడు అమ్మిన మనిషే. నాకంటే ఎక్కువగా ఆవిడ మొహమే పాలిపోయింది.

"కొట్టని కాయ నెల్లాళ్ళైనా మాట్లాడకుండా కూర్చుంటుంది కదే. ఈ లెక్క ముందే కడితే రెండు వేలు ఆపుకునేవాళ్ళం" అంది. ఆ పైన, "అయినా చోటు చాలకపోతే నాతో చెప్పాలి గానీ ఆ పరిచే ఆవిడ అలా వెనకాల దాచడమేంటి?" అంది.

అక్కడ ఒక్క మాట అంటే సరిపోయేది. లెక్క తప్పిన పిల్లని చూసి అందరూ జాలిపడతారు. దాచమన్న పిల్లని చూసి ఎవరు జాలిపడతారు? నేను ఊరుకున్నాను.

"మందిరం డాబా ఉంది కదండీ" అన్నారు టీచరుగారు. "కళ్ళానికి తగ్గిన మూల అదే. ఇరవై చదరాలు. పై వరస పైకెక్కించెయ్యండి. పెద్దలతో నేను మాట్లాడతాను."

"డాబాకెంత?"

"రోజుకి మూడండీ."

ఆ స్థితిలో కూడా నాయనమ్మ నిటారుగా నిలబడింది. "డెబ్బై ఆరు చదరాలు ఏడుకిచ్చి, ఇరవైకి మూడా? ఇదేం ధర?"

"నిచ్చెన కూడా ఇస్తున్నానండి. మందిరంలో చాపలకి డబ్బులు కావాలి. బేరం లేదు."

"ఎవరికి పుట్టేవమ్మా నువ్వు! మా ఇంట్లో పుట్టాల్సినదానివి" అని నాయనమ్మ మొదటిసారి కాస్త నవ్వింది. ఏడూ మూడూ పది. పాత కళ్ళం ఆసామి అడిగిన ధరకే చేరాం, ఒక్క పైసా ఇటూ అటూ లేకుండా.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిచ్చెన మీద బుట్టలు ఎక్కుతూనే ఉన్నాయి. నేను కింద కూర్చుని తడిగుడ్డతో జిగురు తుడిచాను. వేళ్ళు ఒరుసుకుపోయి, ఆ పులుపు లోపలికి మంట పెట్టింది. ఒకవైపు మంచివి, ఒకవైపు ఎర్రబడ్డవి. ఎర్రబడ్డ కుప్ప పెరుగుతున్నకొద్దీ చూడకుండా విసరడం నేర్చుకున్నాను. మూడు గంటల వేళ మబ్బు నెత్తిమీదికొచ్చింది. పెద్ద చినుకులు నాలుగు డాబా మీద టపటపమన్నాయి. ఆడవాళ్ళు ఈతచాపలు పట్టుకుని పరిగెత్తారు. నేను వేలెడు కదలలేక నిలబడి, రెండు మతాల దేవుళ్ళకీ ఒకేసారి మొక్కుకున్నాను, ఎవరికి ఎంతిస్తానో చెప్పకుండా. గాలి మళ్ళి మబ్బు సముద్రం వైపు పోయింది.

ఎనిమిదో రోజు సాయంత్రం నాన్న వచ్చారు. సంచి కూడా దించకుండా కళ్ళానికి వచ్చి, ఎండిన కొబ్బరి చేతిలోకి తీసుకుని విరిచారు. టక్కుమంది. మొహం విచ్చుకుంది. చుట్టూ చూసి, "మన కాయ పరిచే ఆవిడేది? కళ్ళం మీద కనబడదేం?" అని అడిగారు.

"మాన్పించేను. కాయ మీద కాయ వేసింది" అంది నాయనమ్మ.

"ఆవిడా?" అన్నారు నాన్న. "ఆవిడ వెయ్యదే."

నాన్న ఆ రెండు మాటలే అన్నారు. కొబ్బరి ముక్క ఇంకా చేతిలోనే ఉంది. నాకు అప్పుడు మాట వచ్చింది. "నేనే వెయ్యమన్నాను. చెప్పొద్దన్నది కూడా నేనే" అన్నాను.

కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. నాయనమ్మ లేచి, రెండు వందల కాయకి సరిపడా మంచి ఎండు కొబ్బరి ఏరి, బస్తాలో పోయించి, నా చెయ్యి పట్టుకుని నడిచింది. మోకాళ్ళ సంగతే మర్చిపోయినట్టుంది.

అత్త ఇంటిమీద ఇంకా పాత ఆకే ఉంది. అరుగు మీద కూర్చుని చేట చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేచి, పీట వేసింది.

"తప్పు నాదమ్మా. అడక్కుండా మాటన్నాను" అంది నాయనమ్మ. "ఇది నీ సరుకు. రేపట్నుంచి వచ్చెయ్."

అత్త బస్తా విప్పి చూసింది. చేత్తో కలిపి, విరిచి చూసి, "బాగా ఎండిందండీ" అంది. తర్వాత, "అంబాజీపేటలో ఇంకో కళ్ళంలో ఒప్పుకున్నానండీ. మాటిచ్చేసేను" అంది.

"నేనొచ్చి అడిగినా?"

"మీరన్నందుకు కాదండీ. యజమానన్నాక అంటారు." అత్త చేట పక్కన పెట్టింది. "బుల్లెమ్మ ఒక్క మాట అంటుందేమోనని చూసేనండి. సాయంత్రం దాకా చూసేను."

నావైపు తిరగలేదు. నాకు మంచినీళ్ళ చెంబు మాత్రం ఇచ్చింది. తాగాను.

ఇక లెక్క. పాత కళ్ళం తీసుకుని ఉంటే ఎనిమిది రోజులకు ఎనభై రూపాయలు. నాకైంది రెండు రోజులు ఏడు చొప్పున, ఆరు రోజులు పది చొప్పున, డెబ్బై నాలుగు. నా బేరం వల్ల మా ఇంటికి మిగిలింది ఆరు రూపాయలు. ఎర్రబడి పారబోసింది ఆరువందల కాయ. అందులో రెండు వందలు అత్తవి, అవి మా మంచి సరుకులోంచి కట్టాం. మిగతాదంతా లారీకెక్కింది, తమ్ముడు పుట్టాడు, నాకు పుస్తకాలూ వచ్చాయి. పదకొండేళ్ళు మా కళ్ళం మీద పనిచేసిన మనిషి ఆ తర్వాత ఒక్కరోజు కూడా రాలేదు, ఆ పద్దు కట్టడానికి మా దగ్గర ఏ సరుకూ లేకపోయింది. నేను నోరు మూసుకున్నది రెండుసార్లు. మొదటిసారి, తాడు పీకుతూ నిలబడ్డప్పుడు, భయం. పన్నెండేళ్ళ పిల్ల కదా అని దానిమీద ఎంతో కొంత తగ్గించుకుంటాను. రెండోసారికి లెక్క తెలుసు, తప్పు నాదని తెలుసు, అడిగినవాళ్ళు ఎదురుగానే ఉన్నారు. దానిమీద తగ్గింపు లేదు.